ఇరాన్‌కి కొత్తగా వచ్చారా? ముందు ఈ షమ్సీ తారీఖుల లెక్క పట్టుకోండి

టెహ్రాన్‌లో దిగిన మనవాళ్లు మొదటి వారంలోనే అడిగే సందేహం ఒకటుంది. "అన్నా, బిస్కెట్ ప్యాకెట్ మీద 04/02/15 అని ఉంది, పదేళ్ల కిందటి సరుకు అమ్ముతున్నారా?" అని. లేదు, అది ఇరాన్ సౌర క్యాలెండర్ షమ్సీ ప్రకారం 1404వ సంవత్సరం, రెండో నెల, 15వ తేదీ. మన లెక్కలో 2025 మే 5. ఇక్కడ ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర్లో రోజు రాస్తారు. అంకెలు ఫార్సీలో ఉంటే సున్నా చుక్కలా, ఏడు ఇంగ్లీషు 'వి'లా, ఎనిమిది దాన్నే తిరగేసినట్టు కనిపిస్తాయి. 'తోలీద్' పక్కన ఉన్నది తయారైన రోజు, 'ఎంగెజా' పక్కన ఉన్నది గడువు. ఈ రెండు మాటలూ, పది అంకెలూ వచ్చేస్తే కిరాణా కొట్లో టెన్షన్ ఉండదు.

ఇక సంవత్సరం లెక్క. క్రీ.శ. 622 నుంచి మొదలుపెట్టి సూర్యుణ్ణి బట్టి లెక్కిస్తారు కాబట్టి ఇది మొహర్రం, రంజాన్‌లా ఏటా వెనక్కి జరగదు. నౌరూజ్ (ఇక్కడి కొత్త సంవత్సరం రోజు, మార్చి 20 లేదా 21) నుంచి డిసెంబరు 31 దాకా ఇంగ్లీషు సంవత్సరంలోంచి 621 తీసేయండి, జనవరి 1 నుంచి నౌరూజ్ ముందు రోజు దాకా అయితే 622. జనవరి, ఫిబ్రవరిలో పుట్టినవాళ్లు ఫారాల్లో తప్పు రాసేది ఇక్కడే.

నెలలకి యాప్ ఉంది కదా అంటారు. ఉంది, వాడండి, కానీ ఇంటి ఓనరు ముందు కూర్చుని అగ్రిమెంటు చదివేటప్పుడు బుర్రలో కూడా కాస్త లెక్క ఉండాలి. ఫర్వర్దీన్ మార్చి 21న, ఉర్దీబెహెష్త్ ఏప్రిల్ 21న, ఖుర్దాద్ మే 22న, తీర్ జూన్ 22న మొదలవుతాయి. మొర్దాద్, షహ్రీవర్, మెహ్ర్, ఆబాన్ నాలుగూ వరసగా జులై, ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు 23న. ఆజర్ నవంబరు 22, దెయ్ డిసెంబరు 22, బహ్మన్ జనవరి 21, ఎస్ఫంద్ ఫిబ్రవరి 20. ఉదాహరణకి మీరు 1990 ఆగస్టు 15న పుట్టారనుకోండి, 621 తీస్తే 1369, మొర్దాద్ 1 జులై 23 కాబట్టి ఆగస్టు 15 అంటే మొర్దాద్ 24. అదే 1992 జనవరి 26 అయితే 622 తీయాలి, 1370 బహ్మన్ 6 వస్తుంది.

మొదటి ఆరు నెలలకీ 31 రోజులు, తర్వాతి ఐదింటికీ 30, ఎస్ఫంద్‌కి 29, లీపు సంవత్సరమైతే 30. ఇది ఎవరో ఊరికే పంచిన పంపకం కాదు. జులై మొదట్లో భూమి సూర్యుడికి దూరంగా, నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి వసంతం, వేసవి కలిపి సుమారు 186 రోజులు, మిగతా సగం 179 వస్తాయి. మన పంచాంగం భాషలో చెప్పాలంటే నౌరూజ్ సాయన మేష సంక్రమణం, అంటే మార్చిలో సూర్యుడు భూమధ్యరేఖ దాటే వేళ (విషువత్తు). కొందరు దీన్నే ఉగాది అనుకుంటారు కానీ ఉగాది చాంద్రమానం, అది ఏటా కదులుతుంది.

ఒక్క రోజు తేడా ఎక్కడొస్తుందో చెప్తాను, ఎందుకంటే వీసా, జాయినింగ్ కాగితాల్లో ఆ ఒక్క రోజే ప్రాణం తీస్తుంది. విషువత్తు టెహ్రాన్ టైము ప్రకారం మధ్యాహ్నం 12 లోపు పడితే ఆ రోజే నౌరూజ్, దాటితే మర్నాడు. 2025లో మార్చి 20న 12:31కి పడింది, అందుకే 1404 మార్చి 21న మొదలైంది. 1996 నుంచి 2024 దాకా ఇంగ్లీషు లీపు సంవత్సరాలన్నిట్లో నౌరూజ్ మార్చి 20నే వచ్చింది, అలా మొదలైన షమ్సీ ఏడాది మొత్తానికి పైన చెప్పిన నెలలన్నీ ఒక రోజు ముందే మొదలవుతాయి. 1403 లీపు కదా, నాలుగేళ్లకి 1407 కూడా లీపే అనుకోకండి, తర్వాతి లీపు 1408.

తెలంగాణ వాళ్లకి ఒక మాట. నిజాం కాలపు భూమి కాగితాల్లో అజూర్, బహ్మన్ అని ఇవే నెలల పేర్లు కనిపిస్తాయి. అది ఫస్లీ, నిజాం రాజ్యపు వేరే క్యాలెండర్, దాని సంవత్సరానికి 590 (జనవరి నుంచి అయితే 591) కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అజూర్ అక్టోబరు మొదట్లో వస్తుంది. తాతగారి పట్టా తేదీని ఇరాన్ యాప్‌లో వేస్తే ముప్పై ఏళ్ల పైచిలుకు తేడా కొడుతుంది.

ఇంటి అద్దె తీర్ 1న మొదలైతే ఏడాది గడువు వచ్చే ఖుర్దాద్ 31న ముగుస్తుంది, ఆ తేదీ పక్కనే 'మీలాదీ', అంటే ఇంగ్లీషు తేదీ కూడా రాయమని అడగండి, మొహమాటం వద్దు. జీతం కూడా ఈ నెలల ప్రకారమే పడుతుంది, కాబట్టి ఇండియాలో మీ ఈఎంఐ ప్రతి నెలా 5న ఉంటే డబ్బు ముందే సర్దుకోండి. ఎస్ఫంద్ చివరి వారంలో ఏ ఆఫీసు పనీ పెట్టుకోకండి, నౌరూజ్ సెలవుల వల్ల ఫర్వర్దీన్ 13 దాటేదాకా సంతకం పెట్టాల్సినవాళ్లు దొరకడం కష్టం.