కప్పం కట్టారా, జీతం ఇచ్చారా?

సందేహం: పోటీ పరీక్షల నోట్సులో "రోమన్లు హూణులకు కప్పం కట్టారు" అని ఉంది. కప్పం కట్టేది సామంతులు కదా! అంత పెద్ద సామ్రాజ్యం కట్టడమేమిటి? "ధనం ఇచ్చారు" అని మార్చుకోవచ్చా?

సమాధానం: మార్చకండి. చిక్కంతా "కప్పం"లో కాదు, "కట్టు"లో ఉంది. పన్ను కడతాం, శిస్తు కడతాం, జరిమానా కడతాం, ఇప్పుడైతే ఈఎంఐ కూడా కడతాం. జీతం మాత్రం ఎవరూ కట్టరు, ఇస్తారు; ఈనాం కూడా అంతే. కట్టేవాడు కింద, ఇచ్చేవాడు పైన, తెలుగు క్రియల్లోనే ఆ ఎక్కువ తక్కువలు ఉన్నాయి.

రోమన్ దర్బారుకు వచ్చిన ఇబ్బంది కూడా సరిగ్గా ఇదే. క్రీ.శ. 430లలో డాన్యూబ్ తీరాన మార్గస్ అనే పట్టణం దగ్గర హూణులతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏడాదికి 700 పౌండ్ల బంగారం, హూణుల దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన ఒక్కో రోమన్ ఖైదీకి 8 బంగారు నాణేలు. 440లలో బాల్కన్ ప్రాంతంలో దెబ్బ మీద దెబ్బ తిన్నాక అది 2,100 పౌండ్లయింది (రోమన్ పౌండు లెక్కన సుమారు 687 కిలోలు), పాత బకాయి కింద మరో 6,000 పౌండ్లు. 449లో రోమన్ రాయబారుల వెంట హూణుల రాజు అట్టిలా దగ్గరికి వెళ్లిన చరిత్రకారుడు ప్రిస్కస్ అక్కడ విన్న ముచ్చట ఒకటి రాసిపెట్టాడు: అట్టిలాకు రోమన్ సేనాని హోదా తగిలించి, ఆ బంగారాన్ని సేనానుల జీతభత్యాల పేరుతో పంపేవారట, కప్పం అన్న మాట పైకి రాకుండా! అంటే కట్టేదాన్ని ఇచ్చేదిగా మార్చుకున్నారన్నమాట. అట్టిలా ఏమీ అమాయకుడు కాదు, కోపం వస్తే "చక్రవర్తి సేనానులు నాకు నౌకర్లు, నా సేనానులు చక్రవర్తితో సమానం" అనేవాడట.

మీరు "ధనం ఇచ్చారు" అని రాస్తే ఆ దర్బారు గుమాస్తా పని మీరు చేసిపెట్టినట్టే.

మనకు "పేష్కష్" అనే మాట కూడా ఉంది, ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ నిజాముకు చెల్లించిన సొమ్మును అలాగే అన్నారు, వినడానికి కానుకలా గౌరవంగానే ఉంటుంది, కానీ హూణుల కథలో అది అతకదు. అన్నట్టు, పాత తెలుగు పుస్తకాల్లో "హూణభాష" కనిపిస్తే అట్టిలా గుర్తుకు రానక్కర్లేదు, అది ఇంగ్లీషు.

ఇంకొకటి. 450లో గద్దెనెక్కిన తూర్పు రోమన్ చక్రవర్తి మార్సియన్ ఈ చెల్లింపులు ఆపేశాడు. దాన్ని "కప్పం ఎగ్గొట్టాడు" అని రాసేవాళ్లున్నారు. ఎగ్గొట్టడమంటే బాకీ ఉందని ఒప్పుకోవడమే, ఆయన ఒప్పుకోనిదే అది. "ఆపేశాడు" అనండి చాలు.