మీరడిగారు: ఈ నెల అంతా హింస, అహింసే

పోయిన సంచికలో అహింస మీద నాలుగు లైన్లు రాశాను, దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. ఒకేలాంటివి కలిపేశాను, తిట్లు మాత్రం తీసేశాను.

ప్రశ్న: పిరికితనం కన్నా హింసే మేలని గాంధీ గారు అన్నారట, ఆశ్రమంలో దూడని కూడా చంపించారట. వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. నిజమేనా సార్? నిజమైతే ఇది రెండు నాల్కల ధోరణి కాదా?

జవాబు: రెండూ నిజమేనండి. మొదటిది 1920 ఆగస్టులో తన పత్రిక యంగ్ ఇండియాలో ఆయనే రాశారు, పిరికితనం, హింస ఈ రెండే దారులుంటే హింసే ఎంచుకోమని చెప్తానని. వాట్సాప్ వాళ్ళు అక్కడితో కట్ చేసేస్తారు, ఆ వెంటనే అహింస దానికన్నా ఎన్నో రెట్లు గొప్పదని రాసిన వాక్యం మాత్రం ఫార్వర్డ్ అవ్వదు. దూడ సంగతి 1928లో, సబర్మతిలో. ఇక బతకదని తేలిపోయి నొప్పితో అల్లాడుతుంటే ఇంజెక్షన్ ఇప్పించారు, ఆ పని ఎందుకు చేశారో పత్రికలో ఆయనే రాసి బోలెడు తిట్లు తిన్నారు.

అసలు ఆయన్ని నిలదీయాలంటే నేనైతే 1918 దగ్గర నిలదీస్తాను. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుంటే బ్రిటిష్ సైన్యంలో చేరమని ఖేడా జిల్లాలో ఊరూరా తిరిగారు. అంతకు ముందు శిస్తు సత్యాగ్రహంలో అడక్కుండానే బళ్ళు తోలిన రైతులు ఈసారి డబ్బులిస్తామన్నా బండి కట్టలేదు, అహింస అనే మీరు మమ్మల్ని తుపాకులు పట్టమంటారేంటి అని మొహం మీదే అడిగారు. ఇది ఆయనంటే పడనివాళ్ళు రాసింది కాదు, ఆత్మకథలో ఆయనే చెప్పుకున్నారు. తప్పు పట్టండి, నేనూ పడతాను, కానీ రెండు నాల్కలు అనేమాట మాత్రం నాకు అతకదు.

ప్రశ్న: 1922లో చౌరీచౌరా తర్వాత గాంధీ గారు సహాయ నిరాకరణ ఉద్యమం ఆపేయడం కరెక్టేనా?

జవాబు: జైల్లో ఉన్న మోతీలాల్, లజపత్ రాయ్ లాంటి వాళ్ళే మండిపడ్డారు, ఇక మీరూ నేనూ ఎంత. ఆ ఊళ్ళో ముందు కాల్పులు జరిపింది పోలీసులు, తర్వాత జనం స్టేషన్ తగలబెడితే ఇరవైమందికి పైగా పోలీసులు చనిపోయారు. గాంధీ గారు ఉద్యమం ఆపేసి అయిదు రోజులు ఉపవాసం ఉన్నారు. ఆయన దారిలో అది కరెక్టే అనిపిస్తుంది నాకు. కానీ మనం ఎప్పుడూ ఆయన మనసులో ఏం జరిగింది అనే చర్చిస్తాం, సెషన్స్ కోర్టు ఆ కేసులో 172 మందికి ఉరిశిక్ష వేసిందనీ, హైకోర్టుకి వెళ్ళాక కూడా 19 మందికి అది తప్పలేదనీ ఎవరికీ గుర్తుండదు.

ప్రశ్న: మరి అల్లూరినీ భగత్ సింగ్‌నీ హింసావాదులనే అనాలా? అలా అంటే మా నాన్నగారు ఊరుకోరు.

జవాబు: నాన్నగారితో గొడవెందుకండి, ఇద్దరూ ఆయుధం పట్టినవాళ్ళే, దాచడానికేముంది. ఎలా పట్టారో చూడండి చాలు. 1922 సెప్టెంబర్‌లో దామనపల్లి దగ్గర రామరాజు దళం పొంచి ఉండి, ముందు నడుస్తున్న మన సిపాయిల్ని పోనిచ్చి ఇద్దరు తెల్ల అధికార్లనే గురి పెట్టి కాల్చింది. సాయుధ పోరాటాన్ని మెచ్చుకోలేనన్న గాంధీ గారే 1929లో ఆ కుర్రాడి ధైర్యానికీ త్యాగానికీ చేతులెత్తి మొక్కారు.

భగత్ సింగ్ విషయంలో నాకు గుచ్చుకునేది ఇంకోటి. 1928 డిసెంబర్ 17న లాహోర్‌లో వాళ్ళు చంపాలనుకున్నది పోలీసు అధికారి స్కాట్‌ని, చచ్చిపోయింది ఇంకో అధికారి సాండర్స్. తప్పించుకుంటున్నప్పుడు వెంటపడ్డ హెడ్ కానిస్టేబుల్ చనన్ సింగ్ కూడా పోయాడు, ఆయన మనవాడే, డ్యూటీలో ఉన్నవాడు. ఆ తర్వాత గోడల మీద అంటించిన పోస్టర్లలో ఒక మనిషిని చంపాల్సి వచ్చినందుకు విచారిస్తున్నామని రాశారు, అదీ సాండర్స్ గురించే. 1929 ఏప్రిల్‌లో అసెంబ్లీలో బాంబులు వేసినప్పుడు మాత్రం ఎవరూ చావకుండా చూసి వేశారు, పారిపోకుండా నిలబడి పట్టుబడ్డారు. ఈ రెండు రోజుల మధ్య ఉన్న నాలుగు నెలల గురించి నేను చాలాసార్లు ఆలోచిస్తుంటాను.

ప్రశ్న: మండేలా శాంతిదూత కదా, ఆయన ఆయుధాల దళం పెట్టాడంటున్నారు?

జవాబు: పెట్టారు, 1961లో. ముందు మనుషుల మీదకి పోకుండా కరెంటు లైన్లూ ఆఫీసులూ పేల్చడంతో మొదలెట్టారు. హింసని వదిలేస్తానని మాటిస్తే విడుదల చేస్తామని 1985లో ప్రభుత్వం ఆశ చూపించింది, ముందు మీరు వదలండి అని జైల్లోంచే జవాబిచ్చారు, ఆయన కూతురు దాన్ని సభలో చదివింది. నోబెల్ శాంతి బహుమతి 1993లో వచ్చింది, ఇచ్చినవాళ్ళకి ఇదంతా తెలుసు.

ప్రశ్న: నాయకుల సంగతి సరే. ఏసీ రూముల్లో కూర్చుని చంపండి నరకండి అని రాసే కవుల్నీ మేధావుల్నీ ఏమంటారు?

జవాబు: అందర్నీ ఒకే గాట కట్టలేం గానీ మీ కోపం కొత్తదేం కాదు. ఆడెన్ అని ఇంగ్లిష్ కవి, 1937లో స్పెయిన్ యుద్ధం మీద పద్యం రాస్తూ అందులో ‘తప్పనిసరి హత్య’ అనే అర్థం వచ్చే మాట వాడాడు. రచయిత ఆర్వెల్ చదివి ఊరుకోలేదు, ఆయన ఆ యుద్ధంలో గొంతులో తూటా దిగి బతికినవాడు, శవాల్ని చూసినవాడు. హత్య అంటే ఒట్టి మాట మాత్రమే అయినవాడే ఇలా రాయగలడని ఉతికి ఆరేశాడు. ఆడెన్ కూడా ఆ మాట మార్చాడు, ఇంకొన్నేళ్ళకి అసలు ఆ పద్యాన్నే తన సంపుటంలోంచి ఎత్తేశాడు. ఒక్క విశేషణం కోసం ఇంత జరిగింది, మన దగ్గర విశేషణాలకి లెక్కే లేదు.

ఫ్రెంచ్ తత్వవేత్త సార్త్ర్ విషయం ఇంకా చిత్రం. ఫ్రాన్స్ పాలన మీద అల్జీరియా చేసిన పోరాటం గురించి ఫానన్ 1961లో పుస్తకం రాస్తే సార్త్ర్ ముందుమాట రాశాడు, యూరోపియన్‌ని కాల్చి చంపితే ఒకే దెబ్బకి రెండు పిట్టలని అందులో అన్నాడు. ముందుమాట చదివి పుస్తకం మూసేసేవాళ్ళే ఎక్కువ, చివరి దాకా వెళ్తే వేరే మనిషి కనపడతాడు. ఫానన్ సైకియాట్రిస్టు. హింసని సమర్థించినవాడే, కానీ అల్జీరియా ఆస్పత్రిలో తను చూసిన పేషెంట్ల కేసులు చివరి భాగంలో పెట్టాడు, దెబ్బలు తిన్నవాళ్ళవే కాదు కొట్టినవాళ్ళవి కూడా. అందులో ఒక పోలీసాయన రోజంతా ఖైదీల్ని హింసించి ఇంటికెళ్ళి పెళ్ళాం పిల్లల్ని కొడుతున్నాడు. తగ్గించమని డాక్టర్ దగ్గరికొచ్చాడు, అయితే ఉద్యోగం మానేస్తాననడు, బాధ లేకుండా ఆ పని చేసుకునేలా మందివ్వమంటాడు. ముందుమాటలో ఉన్న హుషారు ఈ పేజీల్లో వెతికినా దొరకదు.

ఫ్రెంచ్ రచయిత కామూ ఆ అల్జీరియాలోనే పుట్టాడు. 1957లో నోబెల్ తీసుకోడానికి స్టాక్‌హోమ్ వెళ్తే ఒక అల్జీరియా కుర్రాడు నిలదీశాడు, మీరెందుకు మాట్లాడరని. అల్జియర్స్ ట్రాముల్లో బాంబులు పెడుతున్నారు, అందులో మా అమ్మ ఉండొచ్చు, అదే న్యాయమైతే నాకు మా అమ్మే కావాలి అన్నాడు. పారిస్ మేధావులు ఏళ్ళ తరబడి వెక్కిరించారు. ఫ్రాన్స్ వాళ్ళ దారుణాల మీద ఆయన ఇంకా గట్టిగా మాట్లాడాల్సిందని నేనూ అనుకుంటాను, అయినా ఆ ట్రాము గుర్తొస్తే వెక్కిరించబుద్ధి కాదు.

ప్రశ్న: చుట్టూ తిప్పకుండా చెప్పండి, మీరు హింసకి అనుకూలమా వ్యతిరేకమా? మన తెలుగువాళ్ళలో ఎవరి మాట మీకు నచ్చుతుంది?

జవాబు: బాలగోపాల్. లెక్కల పాఠాలు చెప్పుకునే మనిషి, పౌరహక్కుల సంఘంలో చేరి ఎన్‌కౌంటర్ జరిగిన ప్రతి చోటికీ వెళ్ళి ఎవర్ని ఎలా చంపారో వివరాలు రాసుకొచ్చేవాడు, దెబ్బలు తిన్నాడు, కిడ్నాప్ కూడా అయ్యాడు. అన్నేళ్ళు ప్రభుత్వాన్ని అడిగాక, నక్సలైట్లు చంపినవాళ్ళ గురించి కూడా మనమే అడగాలి కదా అన్నాడు. అది చాలామంది సహచరులకి మింగుడు పడలేదు, సంఘం వదిలి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టుకున్నాడు. అలాగని ఎన్‌కౌంటర్ల గురించి అడగడం మానేశాడా అంటే లేదు, 2009లో పోయేదాకా ఆ పనీ చేస్తూనే ఉన్నాడు. అనుకూలమా వ్యతిరేకమా అని ఆయన్ని రెండు పక్షాలవాళ్ళూ అడుగుతూనే ఉండేవాళ్ళు.