పెళ్లి పత్రికలో తిరుపతి, పన్ను రసీదులో పల్లె

ప్రశ్న: "మాది తిరుపతి రూరల్. మా పంచాయతీని నగరంలో కలుపుతారంటున్నారు. ఇంటి పన్ను ఎంత పెరుగుతుంది? మేం వ్యతిరేకించాలా?"

పెరుగుతుంది సామీ, అందులో అనుమానమే వద్దు. ఎంతనేది మీ ఇంటిని బట్టి ఉంటుంది. 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలోని పట్టణాల్లో పాత అద్దె విలువ లెక్క పోయింది. ఇప్పుడు స్థలం విలువ, కట్టడం విలువ కలిపి అందులో ఇంత శాతం అని వేస్తారు. నివాసముండే ఇంటికి అది 0.10 నుంచి 0.50 శాతం మధ్యలో ఉంటుంది. రెండూ కలిపి 40 లక్షలనుకోండి, కింది అంచున 4,000, పై అంచున 20,000. పట్టణంలో ఇప్పటికే కడుతున్నవాళ్లకు ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని కట్టడి ఉంది. సొంతదారే ఉంటున్న 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలే.

లెక్క ఇంతే. వ్యతిరేకించాలా వద్దా అంటే మాత్రం నా రసీదు సంగతి చెప్పాలి.

మాదీ రూరలే, నగరానికి ఆనుకుని ఉన్న పంచాయతీ. మా నాయన కట్టింది రెండు గదుల రేకుల ఇల్లు. 2014లో దాన్ని పడగొట్టి కింద మేం, పైన రెండంతస్తుల్లో నాలుగు పోర్షన్లు వేశాను. స్విమ్స్‌లో పనిచేసే నర్సులు, యూనివర్సిటీ పిల్లలు, ఎప్పుడూ ఖాళీ ఉండదు. పంచాయతీ పుస్తకంలో మాత్రం అది రేకుల ఇల్లుగానే మిగిలింది. పేరు నాయనది, గదులు రెండు, పన్ను 640 రూపాయలు. నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు. ప్రతి ఏడూ నోరు మూసుకుని 640 కట్టి, రసీదు మడిచి దేవుడి పటం వెనక పెట్టేవాణ్ణి. ఎనిమిదేళ్లు అలా గడిచాయి. తెలివైనవాణ్ణే అనుకున్నాను.

2022లో అమ్మాయి పైచదువుకు లోను కావాల్సి వచ్చింది. పెద్ద మొత్తం, ఇల్లు తనఖా పెట్టమన్నారు. బ్యాంకు తరఫున విలువ కట్టే కుర్రాడొకడు వచ్చాడు. చేతిలో నా రసీదు నకలు. గేటు బయట నిలబడి కాగితం చూస్తాడు, తలెత్తి మేడ చూస్తాడు, మళ్లీ కాగితం చూస్తాడు. చివరికి, "సార్, ఈ రేకుల ఇల్లు ఎక్కడుంది? లోపల వైపా?" అన్నాడు. వాడు వెటకారం చేయలేదు, నిజంగానే అడిగాడు. మా అమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "అది పడగొట్టి ఎన్నేళ్లయింది నాయనా" అని నేను నోరు తెరవకముందే చెప్పేసింది.

మేడ ఉన్నట్టు ఏ కాగితమూ లేదు కాబట్టి దానికి విలువ కట్టలేనన్నాడు. స్థలానికి ఒక్కదానికే కట్టాడు. మాకు కావాల్సిన దాంట్లో సగం కూడా రాలేదు. ఎనిమిదేళ్లలో మిగుల్చుకున్న పన్ను ఎంత, ఆ రోజు పోయిన పరువెంత? ఇంట్లో వారం రోజులు ఎవరూ నాతో సరిగా మాట్లాడలేదు.

ఇక్కడ నా కడుపుమంట ఒకటి చెప్పాలి. మా చుట్టుపక్కల అందరం పెళ్లి పత్రికలో, కారు అద్దం మీద, అమెరికాలో ఉన్న వియ్యంకుడి దగ్గర 'తిరుపతి' అంటాం. ప్లాటు అమ్మేటప్పుడైతే నగరం నడిబొడ్డు అంటాం. పన్ను మాట రాగానే "మాది పల్లెటూరండీ, మాకేం సౌకర్యాలున్నాయి?" అంటాం. నన్నడిగితే విలీనం వద్దని గట్టిగా అరిచే పదిమందిలో ఎనిమిది మంది నాలాంటి పోర్షన్ల వాళ్లే. ఎవరూ సర్వే చేయలేదు, ఇది వీధిలో టులెట్ బోర్డులు లెక్కపెట్టి నేను చెప్పే మాట.

అయితే ఆ మిగతా ఇద్దరి బాధ నిజమైంది. చిత్తూరు 2012లో కార్పొరేషన్ అయినప్పుడు చుట్టూ ఉన్న పంచాయతీలు అందులో కలిశాయి. మా పెదమామ చెరకు తోట ఆ పరిధిలోకి పోయింది. చెరకు చెరకులాగే ఉంది. కానీ ఉపాధి హామీ పనులు పల్లెలకే కాబట్టి ఆయన దగ్గరికొచ్చే కూలీలకు ఎండాకాలం ఆసరా పోయింది. వాళ్ల గురించి మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక్కడూ రాయడు. అందరిదీ పన్ను ఏడుపే. సర్పంచ్ అయితే పొద్దున టీ కొట్టు దగ్గర దొరుకుతాడు, లైటు వెలగలేదని అక్కడే పట్టుకుని అడగొచ్చు. నాలుగు ఊళ్లకు కలిపి ఒక కార్పొరేటర్ అయితే ఆయన్ని ఏ టీ కొట్టు దగ్గర పట్టుకోవాలి?

ఇంకో మాట. తిరుపతి చెత్తను శుద్ధి చేసేది నగరం నడుమ కాదు, బయట తూకివాకంలో. నగరం పల్లెల్లోకి వచ్చి చాలా కాలమైంది, ఇప్పుడు అడుగుతున్నది కాగితం మీద సంతకమే. ఇల్లు కట్టేటప్పుడు ప్లాను కోసం తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ తుడా చుట్టూ తిరిగినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కాబట్టి కలపొద్దు అని కాకుండా, ముందు భూగర్భ డ్రైనేజీ, కొళాయి నీళ్లు ఏ ఏడాదికి ఇస్తారో రాసిమ్మని అడగండి. మా వీధిలో ఇప్పటికీ సెప్టిక్ ట్యాంకులే, నీళ్లకు బోర్లే. ఎండాకాలం ట్యాంకర్‌కు పెట్టే ఖర్చు ఎవరూ పన్ను లెక్కలో వేసుకోరు, అదీ పన్నే కదా.

లోను సంగతి ఏమైందంటారా? పంచాయతీ ఆఫీసుకు పోయి, నా పేరు మీదికి మార్చి ఇల్లు మళ్లీ కొలవమని అర్జీ ఇచ్చాను. కార్యదర్శి అర్జీ రెండుసార్లు చదివి, "పన్ను పెంచమని వచ్చినవాళ్లను ఇదే చూడటం సార్" అన్నాడు. రెండు రోజుల తర్వాత టేపు పట్టుకుని మనుషులొచ్చారు. ఎండలో గంటసేపు అంతస్తు అంతస్తూ కొలిచారు. ఆ గంటలో మా వీధిలో ఒక్క గేటూ తెరుచుకోలేదు. ఎదురింటాయన బాల్కనీకి కట్టిన టులెట్ బోర్డు ఎప్పుడు దించాడో నేను చూడలేదు, తలెత్తేసరికి లేదు.

640 కాస్తా 3,900 అయింది. లోను వచ్చింది, అమ్మాయి చదువుకుంటోంది. సాయంత్రం ఎదురింటాయన వచ్చి, "మంచి పని చేశావన్నా, నీ ఒక్కడి కోసం వీధంతా కొలిపిస్తావు" అన్నాడు. విలీనం వద్దని ఇంటింటికీ సంతకాలు సేకరిస్తున్నది ఆయనే. నా ఇల్లు దాటి పక్కింటికి పోతున్నాడు.