సోనీ ఏ6400 కెమెరాకి సిగ్మా 30 ఎంఎం ఎఫ్/1.4 లెన్సు తీసుకోవచ్చా?

ఏ6400తో వచ్చిన 16-50 కిట్ లెన్సు చాలట్లేదు, సిగ్మా 30 ఎఫ్/1.4 తీసుకోవాలా, సోనీ వాళ్ల 35 ఎఫ్/1.8 తీసుకోవాలా అని అడిగారు. మాది కడప. ఇదే బాడీ మీద ఈ సిగ్మా చాలా కాలంగా వాడుతున్నాను. మీరు ఎక్కువగా ఫొటోలే తీసేటట్లయితే సిగ్మానే తీసుకోండి. చేత్తో పట్టుకుని వీడియో తీసే పనుంటే మాత్రం సోనీదే మేలు. ఏ6400 బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) లేదు, సిగ్మాలోనూ లేదు. సోనీ 35లో ఉంది, పైగా అది తేలిక.

ఎఫ్ పక్కన అంకె ఎంత తగ్గితే లెన్సులోంచి అంత ఎక్కువ వెలుతురు వస్తుంది, అందుకే ఎఫ్/1.4 విలువ రాత్రిపూట తెలుస్తుంది. కిట్ లెన్సు 30 దగ్గర ఎఫ్/4 కూడా ఇవ్వదు. సిగ్మాలో దానికి ఎనిమిది రెట్లకు పైనే వెలుతురు వస్తుంది. పెద్ద దర్గా ఉరుసులో లైట్ల కింద ముఖాలు తీయడానికి ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం, పెంచేకొద్దీ ఫొటోలో నలకలు వస్తాయి) 6400 పెట్టాల్సిన చోట 800తో సరిపోతుంది. ఎఫ్/1.4లోనే మధ్యభాగం చాలా షార్ప్‌గా ఉంటుంది. కళ్ల మీద ఫోకస్ బాగా పట్టుకుంటుంది, మోటారు చప్పుడు వినిపించదు.

లోపాలూ ఉన్నాయి. ఎండలో కొమ్మల అంచుల్లో ఊదా, ఆకుపచ్చ గీతలు కనిపిస్తాయి, ఎఫ్/2.8కి వస్తే చాలావరకు పోతాయి. అసలు పెద్ద లోపం తిన్నగా ఉండాల్సిన గీతలు ఫొటోలో వంగడం. కడప బండలు పరిచిన వరండా తీసి, ఆ వంపుకు కరెక్షన్ లేకుండా రా ఫైలు (కెమెరా సరిదిద్దకుండా దాచే ఫైలు) తెరిస్తే బండల సందులు బయటికి ఉబ్బినట్టుంటాయి. కెమెరా జేపెగ్‌లో, లైట్‌రూమ్‌లో అదంతట అదే సరిపోతుంది కాబట్టి నాకిది అడ్డం కాలేదు. ఆ కరెక్షన్ చేయని సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి.

గండికోటలో రంగనాథస్వామి గుడి మంటపం స్తంభాలకు ఇది చక్కగా కుదురుతుంది. పెన్నా లోయ మాత్రం ఒక ఫ్రేములో పట్టదు. కెమెరాను నిలువుగా తిప్పి నాలుగైదు ఫ్రేములు తీసి అతికించుకుంటాను.

లెన్సు చేతికి రాగానే, వాపసు గడువు దాటకముందే, ట్రైపాడ్ మీద పెట్టి చదునైన గోడకు ఎదురుగా ఎఫ్/1.4లోనూ ఎఫ్/4లోనూ తీయండి. నాలుగు మూలలూ వంద శాతం జూమ్ చేసి పోల్చండి. మూలలు అన్నీ ఒకేలా కొంచెం మెత్తగా ఉంటే ఫరవాలేదు. ఒక పక్క మాత్రమే మసకగా ఉండి, ఎఫ్/4లో కూడా అలాగే ఉంటే, కెమెరా గోడకు సూటిగా ఉందో లేదో చూసి మళ్లీ తీయండి. అప్పుడూ మారకపోతే లెన్సు మార్పించుకోండి. ఆర్డరు పెట్టేటప్పుడు సోనీ ‘E’ మౌంట్‌దేనా (మౌంట్ అంటే లెన్సును కెమెరాకు బిగించే అమరిక) అని చూసుకోండి, ఇదే లెన్సు నికాన్ జెడ్, ఫుజీ ఎక్స్ మౌంట్లకూ వస్తోంది.