నాలుగు నెలలు చేసి మానేసిన పాత ఉద్యోగం రెజ్యూమెలో రాయకపోతే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడుతుందా?

అక్కడ మీకు పీఎఫ్ కట్ అయి ఉంటే దాదాపు బయటపడినట్టే. పీఎఫ్‌కు మనిషికి ఒకటే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి గుర్తింపు నంబరు) ఉండాలి, 12 అంకెలది. కంపెనీ మారినా అదే నంబరు వెంట వస్తుంది. దాని సర్వీస్ హిస్టరీలో ఏ సంస్థలో ఏ తేదీన చేరారో, ఎప్పుడు మానేశారో వరసగా కనిపిస్తుంది. కొత్త కంపెనీలు చాలావరకు అడిగేది ఆ పేజీనే. జీతంలో టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టి ఉంటే, ఆ పన్ను లెక్కలుండే ఫారం 26ఏఎస్‌లోనూ పాత యజమాని పేరు ఉంటుంది.

ఉదాహరణకు, కావలి కుర్రాడొకడు నెల్లూరులో ఒక ఫైనాన్స్ ఆఫీసులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా చేశాడు, పీఎఫ్ కూడా కట్ అయిందనుకుందాం. హైదరాబాద్ కంపెనీకి ఆ నెలలు 'ఖాళీ' అని రాశాడు. సర్వీస్ హిస్టరీలో ఆ నాలుగు నెలలూ తేదీలతో సహా ఉంటాయి. నాలుగు నెలలకే మానేయడం చాలామంది హెచ్ఆర్‌లకు పెద్ద విషయం కాదు, రాసింది ఒకటి, రికార్డు ఇంకొకటి కావడమే చిక్కు. దీనివల్ల ఆఫర్ పోవచ్చు.

వెరిఫికేషన్ అంటే పోలీసులు ఇంటికొస్తారని ఊళ్లో చాలామంది టెన్షన్ పడతారు. అది పాస్‌పోర్టు సంగతి. ప్రైవేటు కంపెనీల తరఫున వచ్చేది మామూలుగా ఏజెన్సీ మనిషి: గుమ్మం ఫొటో తీసుకుని, ఇంట్లో ఎవరున్నా వాళ్లచేత సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాడు. కొన్ని కంపెనీలు పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతాయి, దానికి అప్లై చేసుకోవాల్సింది మీరే.