స్విచ్‌కి ఉండేది సామర్థ్యమా, పరిమితా?

సందేహం: సోలార్ ప్యానెల్, 12 వోల్టుల బ్యాటరీ పెట్టుకునేవాళ్ల కోసం 'లో వోల్టేజి సెటప్‌కి స్విచ్‌లు' అని ఒక వ్యాసం రాస్తున్నాను. స్విచ్ మీద 6 ఆంపియర్లు, 240 వోల్టులు అని ఉంటే 'స్విచ్ సామర్థ్యం 1440 వాట్లు' అని రాశాను. రేటింగ్‌కి సామర్థ్యం సరైన మాటేనా?

సమాధానం: కాదండీ, దయచేసి మార్చండి. ఇక్కడ అది ప్రమాదం కూడా. మామూలు మాటల్లో సామర్థ్యం అంటే సత్తా, కానీ మన భౌతికశాస్త్రం పాఠాల్లో సామర్థ్యం అంటే పవర్, వాట్లలో కొలిచేది, అందుకే ఆ మాట వాడగానే మీ చెయ్యి గుణకారం మీదికి పోయింది. స్విచ్ మీద అంకెలు గుణించడానికి వేసినవి కావు. ఆంపియర్లు ఇంత దాటకూడదు, వోల్టులు అంత దాటకూడదు అని విడివిడిగా పెట్టిన రెండు హద్దులు అవి. మీ 1440 నమ్మి ఎవరైనా 12 వోల్టుల మీద 100 వాట్ల లోడు పెట్టారనుకోండి, స్విచ్‌లో పారే కరెంటు 8 ఆంపియర్లు దాటుతుంది. అదే లోడు ఇంటి 230 వోల్టుల మీద అర ఆంపియరు కూడా తీసుకోదు. 12 వోల్టుల మీద మాత్రం ఆ 6 ఆంపియర్ల స్విచ్ వేడెక్కి పాడవచ్చు. 'పరిమితి' అనండి, లేదా రేటింగ్ అనే ఉంచండి, ఎలక్ట్రీషియన్ నోట్లో ఉన్న మాట అదే.

ఆ 240 పక్కన అలలాంటి చిన్న గీత ఉంటే అది ఏసీ గుర్తు. ఏసీ ఏకాంతర విద్యుత్తు, డీసీ ఏకముఖ విద్యుత్తు. రెండూ 'ఏక'తో మొదలవడంతో పిల్లలే కాదు పెద్దలూ తడబడతారు. ఏకాంతరం అంటే ఒకటి విడిచి ఒకటి, అంటే దిశ మారుతూ పారేది. మన 50 హెర్ట్జ్ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి స్విచ్ కట్టేసినప్పుడు లేచే నిప్పురవ్వ అక్కడ ఆరిపోతుంది. బ్యాటరీ కరెంటుకి ఆ సున్నా లేదు, రవ్వ సాగి లోపలి కాంటాక్టులు కాలుతాయి, 24, 48 వోల్టులకు వెళ్లేకొద్దీ ఇంకా ఎక్కువ. డీసీ పరిమితి విడిగా రాసి ఉన్న స్విచ్ తీసుకోమని తప్పకుండా రాయండి.

శీర్షిక కూడా మార్చాలి. మన ఊళ్లలో లో వోల్టేజి అంటే ఫ్యాను మెల్లగా తిరగడం, పొలంలో మోటారు కాలిపోవడం. మీ శీర్షిక చూసి స్టెబిలైజర్ గురించేమో అనుకుంటారు. '12 వోల్టుల సోలార్ ఏర్పాటు' అని అంకెతోనే పెట్టండి.