రీలు కెమెరా వదిలిన ఏళ్ల తర్వాత డిజిటల్ కెమెరా పట్టినప్పుడు నేను పడిన తడబాటు

రీలు కెమెరాతో చాలా ఏళ్లు ఫోటోలు తీసి, తర్వాత ఇరవై ఏళ్లపాటు కెమెరా ముట్టుకోలేదని, ఇప్పుడు మీ అబ్బాయి కొనిచ్చిన డీఎస్ఎల్ఆర్ (లెన్సులు మార్చుకోగల డిజిటల్ కెమెరా) మెనూలు చూస్తే బెదురు పుడుతోందని, అంతా మొదటి నుంచి నేర్చుకోవాలా అని మీరు అడిగారు. నాదీ దాదాపు ఇదే కథ. తిరుపతిలో ఉంటాను; 2003లో కెమెరా బీరువాలో పెట్టేసి, ఉద్యోగ విరమణ తర్వాత 2016లో మళ్లీ పట్టాను. అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం సైజు), షట్టర్ వేగం, ఫోకస్ గురించి మీకు తెలిసినదంతా యథాతథంగా పనికొస్తుంది, మెనూలు ఒక నెలలో అలవాటవుతాయి. నన్ను ఏడాదిపాటు తిప్పలు పెట్టింది వెలుతురు కొలవడంలో చేతికి పట్టిన పాత అలవాటు.

కలర్ నెగెటివ్ వాడినవాళ్లం నీడ భాగాన్ని చూసి ఎక్స్‌పోజర్ (రీలు మీద పడనిచ్చే వెలుతురు) పెట్టుకుని, అనుమానం వస్తే ఒక స్టాప్, అంటే రెట్టింపు వెలుతురు, ఎక్కువే ఇచ్చేవాళ్లం. రీలు అది భరించేది, ప్రింటు వేసేటప్పుడు ల్యాబులో సరిదిద్దేవారు. ఆ ధైర్యంతోనే నవంబరు వానల తర్వాత తలకోన వెళ్లి, జలపాతం పక్కనున్న నల్లబండను చూసి వెలుతురు కొలిచి, అరవైకి పైగా ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటరులో తెరిస్తే బండ మీది నాచు, పగుళ్లు చక్కగా కనబడుతున్నాయి గానీ, సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి పడే నీరు మాత్రం సున్నం కొట్టిన గోడలా ఉంది; ఒక్క ధార కూడా విడిగా లేదు. డిజిటల్ కెమెరాలో రీలు స్థానంలో వెలుతురును పట్టే సెన్సరు మీది ఒక్కొక్క బిందువూ ఒక చెంబు లాంటిది. నిండేంతవరకూ వెలుతురును లెక్కపెడుతుంది, నిండిన తర్వాత పడినదంతా పొర్లిపోతుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. నెగెటివ్ అలా ఒక్కసారిగా చేతులెత్తేయదు, వెలుతురు ఎక్కువయ్యేకొద్దీ మెల్లగా మందగిస్తుంది. నీడల సంగతి దీనికి తలకిందులు: రా ఫైలుగా (కెమెరా ఏమీ దిద్దకుండా దాచే ఫైలుగా) తీస్తే చీకటిగా వచ్చిన భాగాన్ని కొంత ఇసుక చల్లినట్టు గరుకు వచ్చినా తర్వాత పైకి తేవచ్చు. కాబట్టి ఇప్పుడు తెల్లటి భాగాన్ని కాపాడుకునేలా ఎక్స్‌పోజర్ పెట్టాలి. (మీరు స్లైడ్ ఫిల్మ్, అంటే వెలుతురు ఎక్కువైతే భరించని రీలు, వాడినవారైతే ఈ పేరా మీకు అక్కరలేదు, ఆ భయం మీకు ముందే ఉంటుంది.)

దీనికి హిస్టోగ్రామ్ అన్న చిన్న పటం ఎంతో సాయం చేస్తుంది; ఫోటోలో చీకటి ఎంతుందో ఎడమవైపు, వెలుగు ఎంతుందో కుడివైపు గుట్టలుగా చూపిస్తుంది. ఫోటో తీశాక దాన్ని తెరవండి; అందులోని గుట్ట కుడి అంచుకు గుద్దుకుని నిలువుగా లేచి ఉంటే తెలుపు పోయినట్టే, ఒక స్టాప్ తగ్గించి మళ్లీ తీయాలి. వెనక తెర మీద బొమ్మ ఎంత అందంగా కనబడినా నమ్మకండి, ఎండలో ఆ తెర మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

రీలులో లేని ఒక సుఖం ఐఎస్ఓను, అంటే వెలుతురుకు ఎంత సున్నితంగా స్పందించాలన్న అంకెను, ఫోటో ఫోటోకూ మార్చుకోగలగడం. ఒకసారి 100 రీలు ఎక్కిస్తే 36 ఫోటోలూ దానితోనే కానివ్వాల్సి వచ్చేది. గంగమ్మ జాతరలో వేషాలవాళ్లు దీపాల వెలుగులోంచి చీకటి సందులోకి నడిచిపోతుంటే అప్పట్లో కెమెరా దించేసేవాడిని. ఇప్పుడు షట్టరును సెకనులో 250వ వంతుకు కట్టేసి, ఐఎస్ఓను 3200 దాకా తనంతట తాను మారేలా ఆటోలో వదిలేస్తాను. కొంచెం గరుకు వస్తే రానివ్వండి, కదిలిపోయిన ముఖం కన్నా అది మేలు.

మీ పాత లెన్సులు పారేయకండి, కానీ ముందుగా బూజు పట్టిందేమో దీపానికి ఎదురుగా పెట్టి చూడండి. నా నికాన్ 50 ఎంఎం లెన్సు ఇప్పటికీ వాడుతున్నాను. అయితే నా మొదటి డిజిటల్ కెమెరా నికాన్ డీ3000 వరుసలోది కావడంతో ఆ లెన్సు పెడితే వెలుతురు కొలిచే మీటరు పనిచేయలేదు. డీ7200 లాంటి వాటిలో పనిచేస్తుంది. పైగా ఆ కెమెరాల సెన్సరు రీలు ఫ్రేము కన్నా చిన్నది కనుక 50 ఎంఎం లెన్సు ఇంచుమించు 75 ఎంఎం లెన్సులా చూపిస్తుంది, ఇంట్లో నలుగురిని ఒకే ఫోటోలో పట్టాలంటే వీపు గోడకు తగులుతుంది. మీటరు లేని రోజుల్లో మనం నోటికి నేర్చుకున్న లెక్కే అప్పుడు అక్కరకొచ్చింది: మంచి ఎండలో ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్ 16, షట్టరు సెకనులో 125వ వంతు. చంద్రగిరి కోటలో రాజమహల్ ముందు నిలబడి ఆ లెక్కతో తీసిన ఫోటోలకు ఒక్కదానికీ దిద్దుబాటు అవసరం కాలేదు.

ఒక్క విషయంలో మాత్రం రీలే మేలనిపిస్తుంది. మా చెల్లెలి పెళ్లి నెగెటివ్‌లు 1991 నుంచి అట్టపెట్టెలో ఉన్నాయి, ఇప్పటికీ ప్రింటు వేయించుకోవచ్చు. నేను డిజిటల్‌లో మొదటి రెండేళ్లు తీసినవన్నీ ఒకే హార్డ్‌డిస్క్‌లో పెట్టుకున్నాను, అది ఒకరోజు టిక్‌టిక్‌మని చప్పుడు చేసి ఆగిపోయింది. తలకోన ఫోటోలు కూడా అందులోనే పోయాయి. అందుకే ఇప్పుడు కార్డులోవి ఆ రాత్రే రెండు డిస్కులకు ఎక్కిస్తాను, ఒకటి మా ఇంట్లో, రెండోది చిత్తూరులో మా అమ్మాయి ఇంట్లో ఉంటుంది. అంతవరకూ కార్డు చెరపను.